ఎగురుడు మంచం

రెండు వేల ఏడు, ఎండాకాలం సెలవులు. పుంగనూరులో దేవరాజులు ఇంటి ముందు ఒక టెంపో వచ్చి ఆగింది. అందులోంచి ఇనుప గొట్టాలు, స్ప్రింగుల మూట, చాపలా చుట్టిన నల్లటి పట్టా, దాని వెనకే పొడవాటి వల దిగుతుంటే వీధిలోని పిల్లలంతా చుట్టూ మూగారు. ఇంత సామాను ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. సర్కస్ వాళ్ళు వచ్చారేమోనని ఒకరు, సార్ ఇంటికి కొత్త టెంటు వచ్చిందని ఇంకొకరు అనుకున్నారు.

దేవరాజులు హైస్కూల్లో డ్రిల్లు సార్. నలభై అయిదు దాటినా పొట్ట రానివ్వని మనిషి. ఆయన తయారుచేసిన కబడ్డీ జట్లు జిల్లా పోటీల దాకా వెళ్ళి వచ్చేవి. పిల్లలకు ఆయనంటే ఎంత భయమో అంత మోజు. వీధిలో ఎవరికి కాలు బెణికినా, భుజం పట్టేసినా ముందు ఆయన్నే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు ఆయనకు ఇష్టం.

టెంపోలో వచ్చింది ఆయన బావమరిది గిరీష్. బెంగళూరులో ఆటసామాన్ల పెద్ద అంగడికి మేనేజరు. షోరూంలో చూపుకు పెట్టిన, ఎక్కి ఎగిరి ఆడుకునే ట్రాంపొలిన్ ఒకటి తీసేస్తుంటే, మేనకోడలు శ్రుతి ఆడుకుంటుందని పట్టుకొచ్చాడు. పిల్లలు ఆ పేరు పలకలేక సాయంత్రానికల్లా దానికి ఎగురుడు మంచమని పేరు పెట్టేశారు.

గిరీష్ పెరట్లో గొట్టాలు బిగిస్తూ, స్ప్రింగులు తగిలిస్తూ ప్రతిదీ విడమరిచి చెప్పాడు.

"బావా, దీన్ని గోడకీ, ఆ బట్టలుతికే బండకీ దూరంగా పెట్టాల. స్ప్రింగుల మీద ఈ మెత్త ఎప్పుడూ ఉండాల. లోపలికి పోతానే వల జిప్పు మూసేయాల. ఇంగో ముఖ్యమైన మాట. ఒకేసారి ఒకరే ఎక్కాల. ఇద్దరెక్కితే బరువైనోళ్ళు కింద మోపినప్పుడు తేలికైనోళ్ళు ఎగిరి యాడనో పడతారు. పెద్దోళ్ళు పిల్లోల్లతో కలిసి ఎక్కనే కూడదు."

దేవరాజులు నవ్వాడు. "ఇన్నేండ్లుగా పిల్లోల్లకు పల్టీలు నేర్పిస్తాండానప్పా నేను. నాకే సెప్తాండావా?"

"నీకు తెలీదని కాదు బావా. సెప్పాల్సింది సెప్పినాను" అన్నాడు గిరీష్. మరుసటి రోజు ఊరికి వెళ్ళిపోయాడు.

పది రోజులు కూడా ఆ వల నిలవలేదు. దేవరాజులుకు అది మొదటి నుంచీ కంటికి ఇంపుగా లేదు. పిల్లలు లోపల ఎగురుతుంటే గంప కింద కోళ్ళలా కనబడేవాళ్ళు. వల ఉందన్న ధీమాతో దాని మీద పడి దొర్లేవాళ్ళు, వీపులతో గుద్దేవాళ్ళు. అలా ఆడితే నిలదొక్కుకోవడం ఎప్పటికి వస్తుందని ఆయన వాదన. ఒక పొద్దున వల విప్పి అటకెక్కించాడు. వల గుంజలు కాకరపాదు పందిరికి బాగా పనికొచ్చాయి. వసారాలో కుర్చీ వేసుకుని చూడటానికి వీలుగా ఉంటుందని, నీడ కూడా ఉంటుందని మంచాన్ని ఇంటి వైపుకి లాగించాడు. బట్టలుతికే బండ ఇప్పుడు దానికి దగ్గరైంది.

"ఇదో, వాడు అంతగా సెప్పిపోయినాడు. ఆ వల ఉండనీకూడదా?" అంది భార్య రామలక్ష్మమ్మ.

"వల కట్టుకొని ఎగిరేదానికి మనమేమన్నా చేపలమా?" అన్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు. వాళ్ళ నవ్వు చూసి ఆయనా నవ్వాడు.

వీధి చివర మునస్వామి ఇల్లు. ఒకప్పుడు కూలికి పోయిన మనిషి, ఇప్పుడు కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ మీద పని. ఆదివారాలకు ఇంటికి వచ్చి వెళుతుంటాడు. భార్య రెడ్డెమ్మ అంగన్‌వాడీలో ఆయా. వాళ్ళ కూతురు నీలిమ మూడో తరగతి పూర్తిచేసింది. గాలికి పోయేలా ఉంటుంది. శ్రుతి కన్నా రెండేళ్ళు చిన్నదైనా ఇద్దరూ ఒకరిని వదిలి ఒకరు ఉండరు. ఎగురుడు మంచం వచ్చాక నీలిమ అన్నం తినడానికి తప్ప ఇంటికి పోయేది కాదు.

ఒక సాయంత్రం ఎండ తగ్గాక పిల్లలు ఎప్పటిలాగే చేరారు. వసారాలో కూర్చున్న దేవరాజులుకు వాళ్ళు ఎగిరే తీరు నచ్చలేదు. మోకాళ్ళు వంచకుండా కర్రల్లా ఎగురుతున్నారు.

"దిగండి, దిగండి. ఎగరడమంటే ఏందో నేను సూపిస్తాను" అంటూ చెప్పులు విడిచి ఎక్కాడు.

అందరూ దిగారు. నీలిమ ఒక్కతే అంచున, స్ప్రింగుల దగ్గర కూర్చుని ఉంది. తర్వాతి వంతు తనదే మరి.

"సార్, నేనూ దిగేదా?"

"యాల? ఆడే ఉండు. దగ్గర్నుంచి సూడు."

గిరీష్ మాట ఆయనకు గుర్తు రాకపోలేదు. వచ్చింది. ఒక్క నిమిషమేగా, పిల్ల అంచున కదలకుండా కూర్చుందిగా అనుకున్నాడు. ఎగిరాడు. ఇంకాస్త పైకి ఎగిరాడు. కింద పిల్లలు చప్పట్లు కొడుతూ "ఇంకా సార్, ఇంకా!" అని అరుస్తున్నారు. ఆ అరుపులకు ఒళ్ళు తేలికైనట్టు అనిపించి, ఈసారి గాల్లోనే కాళ్ళు చాపి కూర్చున్నట్టుగా దిగాడు. పట్టా లోపలికి దిగబడింది, మరుక్షణం పైకి కొట్టింది. అంచున కూర్చున్న నీలిమను ఎవరో చేటలో వేసి చెరిగినట్టు విసిరేసింది. పిల్ల అరవను కూడా అరవలేదు. బండ మీద పడిన చప్పుడు మాత్రం వినబడింది.

దేవరాజులు దూకి వెళ్ళి ఎత్తుకునేసరికి ఎడమచెయ్యి మోచేతి దగ్గర చూడరాని తీరుగా వంగిపోయి ఉంది. పిల్లలు ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తారు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చారు. చేతిలో పని చేతిలోనే వదిలేసి రెడ్డెమ్మ వచ్చింది.

"ఏమైంది సార్? ఏమైందమ్మా నా బిడ్డకి?"

అందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు. అప్పుడు ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. అయినా అన్నది ఆయనే.

"వద్దు, దిగు అంటానే ఉండాను రెడ్డెమ్మా. ఇనలేదు. అంచు మీద నిలబడి దూకేసింది."

చుట్టూ ఉన్న పిల్లలు విన్నారు. డ్రిల్లు సార్ మాట కాదనే ధైర్యం వాళ్ళలో ఎవరికుంది? శ్రుతి వాకిలి పట్టుకుని నిలబడి తండ్రినే చూస్తూ ఉంది.

పక్కింటి వాళ్ళ కారులో మదనపల్లెకు బయలుదేరారు. వెనక సీట్లో తల్లి ఒళ్ళో పడుకున్న నీలిమ వెక్కుతూనే అంది, "నేను దూకలేదుమా."

"ఊరుకో. సార్ అబద్దం సెప్తాడా?" అంది రెడ్డెమ్మ.

ముందు సీట్లో ఉన్న దేవరాజులు దారి వైపే చూస్తూ కూర్చున్నాడు. నిజం అక్కడే, కారులోనే చెప్పేసి ఉండవచ్చు. ఆస్పత్రి చేరాక చెబుదామనుకున్నాడు. చేరాక డాక్టరును వెతకాలి, ఎక్స్‌రే తీయించాలి, పిల్లను ఆపరేషన్ గదిలోకి పంపాలి. అన్నిటికీ ఆయనే తిరిగాడు. మోచేతిలో ఎముక విరిగింది, లోపల స్టీలు తీగలు వేసి నిలబెట్టాలన్నారు. "సొంత బిడ్డ మాదిరి సూసుకుంటాండాడు సారు" అని ఊరి నుంచి వచ్చినవాళ్ళు రెడ్డెమ్మతో అంటుంటే ఆయనకు వినబడింది. విని, ఇంకా ఎక్కువ తిరిగాడు.

మరుసటి రోజు పొద్దున కుప్పం నుంచి మునస్వామి ఆస్పత్రికి వచ్చాడు. రెప్పల మీద ఇంకా రాతి పొడి ఉంది. రెడ్డెమ్మ జరిగింది చెప్పింది, అంటే దేవరాజులు చెప్పిందే చెప్పింది. మునస్వామి మంచం దగ్గరికి వెళ్ళి, పిండికట్టుతో పడుకున్న కూతుర్ని చూశాడు. ఏడుపో కోపమో తెలియని ముఖంతో చెంప మీద ఒకటి కొట్టాడు.

"సార్ వద్దంటే ఇనవా? మాటంటే లెక్కలేదా నీకి?"

నీలిమ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

మునస్వామి తిరిగి దేవరాజులుకు చేతులు జోడించాడు. "మీరు లేకుంటే ఏమయ్యేదో సార్. మా పిల్ల వల్ల మీకెంత కష్టం!"

"పోనీలేప్పా. పిల్లోల్లు. తెలీక సేస్తారు. కొట్టొద్దు" అన్నాడు దేవరాజులు.

ఆ మాట అన్నాక ఆయన వరండాలోకి వచ్చి కొళాయి దగ్గర నిలబడి ముఖం కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. తన తప్పుకు ఆ పిల్లను తాను క్షమించి వచ్చాడు. అంతకు ముందు చెప్పింది భయపడి చెప్పిన అబద్ధం. ఇప్పుడు అన్నది మాత్రం తీరిగ్గా, పెద్దమనిషిలా అన్నాడు.

ఇంటికి వచ్చాక ఎగురుడు మంచం మీద గోనెపట్టా కప్పేశాడు. పిల్లలు పెరట్లోకి రావడం మానేశారు. ఆయన మంచినీళ్ళు అడిగితే శ్రుతి తెచ్చి స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయేది. ఇదివరకు ఆయన భుజం మీద గడ్డం ఆనించి పేపరు చదివే పిల్ల.

"ఏమ్మా, మాట్లాడవే?" అని ఒకరోజు అడిగాడు.

"నీలిమను ఆడే ఉండమన్నావు కదా నాయనా."

"లేదమ్మా. నువ్వు సరిగ్గా ఇన్లేదు."

శ్రుతి తల వంచుకుని లోపలికి పోయింది. వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్న రామలక్ష్మమ్మ అంతా విన్నది. లోపలికి వెళ్ళి పని చూసుకుంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఆయనతో అందరూ మర్యాదగా ఉన్నారు. అది ఆయనకు తిట్ల కన్నా కష్టంగా ఉంది.

బడులు తెరిచాక ఒక సాయంత్రం పళ్ళు తీసుకుని మునస్వామి ఇంటికి వెళ్ళాడు. నీలిమ అరుగు మీద ఒంటిచేత్తో పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది.

"కూర్చో తల్లీ. నొప్పి తగ్గిందా?"

"తగ్గింది సార్." ఆ తర్వాత మెల్లగా అంది, "నేనే దూకినాను సార్. ముందు గుర్తు రాలేదు. మల్ల మల్ల అనుకుంటే ఇప్పుడు గుర్తొచ్చింది. తప్పయిపోయింది సార్."

దేవరాజులు చేతిలోని సంచి అరుగు మీద పెట్టాడు. వెనక్కి తిరిగాడు. ఇంటికి రాకుండా ఊరి బయటి దాకా నడిచి వెళ్ళాడు. చెయ్యి విరగడం ఒక్క క్షణంలో జరిగింది. ఈ రెండోది, ఆ పిల్ల తన కళ్ళతో చూసినదాన్ని తానే నమ్మకపోవడం, ఇన్ని రోజులుగా కూర్చుని ఆయన చేసిన పని.

అయినా వెంటనే వెళ్ళి చెప్పలేకపోయాడు. బడిలో విజిలు ఊదేవాడు, పిల్లలను వరుసల్లో నిలబెట్టేవాడు, "నిజం సెప్పు, ఎవరు తోసింది?" అని ఎవరినైనా గద్దించబోయి నోరు మూసుకునేవాడు. రెండు ఆదివారాలు మునస్వామి ఊరికి వచ్చి వెళ్ళాడు. ఆ రెండుసార్లూ దేవరాజులు ఇంట్లోంచి కదల్లేదు. చివరికి ఒక రోజు సెలవు పెట్టి కుప్పం బస్సెక్కాడు. పలమనేరు, వి.కోట దాటే దాకా ఎలా మొదలుపెట్టాలో మనసులో అనుకుంటూనే ఉన్నాడు. కుప్పంలో దిగేసరికి అనుకున్నదేదీ మిగల్లేదు.

ఫ్యాక్టరీలో రంపాల రొదకు మాట వినబడదు. తెల్లటి రొచ్చు నీళ్ళు కాళ్ళ కింద పారుతున్నాయి. మునస్వామి ఆయన్ని చూసి మిషన్ ఆపి, తుండుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. గేటు పక్కన టీ అంగడి బెంచీ మీద కూర్చున్నారు.

"మునస్వామీ, నీకొక సంగతి సెప్పల్లని వచ్చినాను. ఆ పొద్దు నీలిమ..."

"తెలుసు సార్" అన్నాడు మునస్వామి.

దేవరాజులు తలెత్తాడు.

"పోయినసారి ఊరికొచ్చినప్పుడు మీ శ్రుతి మా ఇంటికొచ్చి సెప్పింది. ఏడ్సుకుంటా సెప్పింది పాపం. మీరే ఉండమన్న్యారంట. మీరు ఎగిరితేనే మా పిల్ల పడిందంట."

"మరి నన్ను అడగలేదే?"

"యెట్లడిగేది సార్? మీరు కాదంటే? మీరు పెద్దోళ్ళు. ఊరంతా మీ మాటే ఇంటాది. అప్పుడు నా బిడ్డతోపాటు మీ బిడ్డ కూడా అబద్దాలదయిపోతాది. అందుకే, మీరే వస్తారేమో సూద్దామని ఉండాను."

టీ గ్లాసు దేవరాజులు చేతిలో అలాగే ఉండిపోయింది. మునస్వామి గొంతు పెంచలేదు. రోడ్డు మీద పోతున్న లారీల వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు.

"కిందపడింది నాకు బాధ లేదు సార్. పిల్లోల్లన్నాక పడతారు. ఆస్పత్రిలో కొట్టినాను సూడండి, అది పోలేదు నా సేతిలోంచి. మీరు ఆ పక్కనే ఉండారు. ఒక్క మాట సెప్పింటే సాలు కదా."

"తప్పు మునస్వామీ. నాది శానా తప్పు."

"నాకు సెప్పి ఏం లాభం? నువ్వు దూకలేదమ్మా అని నా పిల్లకు సెప్పినాను. నమ్మల్యా. సార్ సెప్పినాడు కదా నాయనా అంటాది. నా మాట నమ్మదు, వాళ్ళమ్మ మాట నమ్మదు. మీరు సెప్తేనే నమ్ముతాది. అందరి ముందర సెప్పినారు కాబట్టి అందరి ముందరే సెప్పండి."

మునస్వామి లేచి, టీ డబ్బులు ఇవ్వబోయిన దేవరాజులును ఆపి, తానే ఇచ్చి, మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం పొద్దున దేవరాజులు మునస్వామి ఇంటి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. రామలక్ష్మమ్మ, శ్రుతి వెనకే వచ్చారు. పిల్ల పడిన రోజు పోగైనవాళ్ళలో చాలామందిని ఆయనే పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి పిలిచాడు. ఏదో విశేషమని వచ్చారు వాళ్ళు. మైదానంలో నలుగురికీ వినబడేలా అరిచే గొంతు, ఇక్కడ రెండు వరుసల వెనక ఉన్నవాళ్ళకు అందలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"నీలిమ దూకలేదు. దిగేదా సార్ అని అడిగింది. నేనే ఉండమన్న్యాను. నా బరువుకే ఎగిరి పడింది. వల తీసేసింది నేను, బండ పక్కకు లాగింది నేను. పిల్ల దూకిందని సెప్పింది అబద్దం."

గుంపులో ఎవరో పెద్దాయన "పోనీండి సార్, అయిపోయింది కదా" అన్నాడు. ఇంకెవరో వెనక ఏదో గొణిగారు, ఒక నవ్వు కూడా వినబడింది.

నీలిమ తల్లి కొంగు వదిలి ముందుకు వచ్చింది. "అయితే నేను దూకలేదా సార్?"

"లేదమ్మా."

"మల్ల యాల అట్ల సెప్పినారు?"

ఆయన అన్నీ తయారు చేసుకుని వచ్చాడు గానీ ఈ ప్రశ్నకు తయారుగా లేడు. "భయమేసిందమ్మా" అన్నాడు.

"మీకా?" అంది పిల్ల. ఎగతాళి కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. ఆ తర్వాత తండ్రి వైపు తిరిగి "నేను అమ్మకు ముందే సెప్పినాను నాయనా" అంది. మునస్వామి కూతుర్ని దగ్గరికి తీసుకుని ఇంట్లోకి పోయాడు. తలుపు మూసుకోలేదు గానీ, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

పుంగనూరు చిన్న ఊరు. డ్రిల్లు సార్ చిన్నపిల్ల మీదకు తప్పు తోసిన సంగతి బజారులో, బస్టాండులో చాలా రోజులు నలిగింది. వీధిలో కాళ్ళు బెణికినవాళ్ళు ఆస్పత్రికే పోతున్నారు. పిండికట్టు విప్పాక నీలిమ చెయ్యి పూర్తిగా చాచడానికి రాలేదు. వ్యాయామం చేయిస్తూ ఉంటే కొంత వస్తుందని మదనపల్లె డాక్టరు చెప్పాడు. ఆ వ్యాయామాలు దేవరాజులుకు బాగా వచ్చు. రోజూ తానే వచ్చి చేయిస్తానన్నాడు.

"వద్దులే సార్. మేమే ఆస్పత్రికి పిల్సుకొనిపోతాము" అంది రెడ్డెమ్మ. మర్యాదగానే అంది.

గిరీష్ మళ్ళీ వచ్చినప్పుడు దేవరాజులు దాచకుండా అంతా చెప్పాడు. గిరీష్ "నేను సెప్పినా కదా బావా" అని అనలేదు. అంటే బాగుండేదనిపించింది. ఇద్దరూ కలిసి కాకరపందిరి విప్పి గుంజలు బయటికి తీశారు. మంచాన్ని పెరడు నడుమకు, మెత్తటి మట్టి మీదకు మార్చారు. గుంజలు నిలబెట్టి వల కట్టారు. ఎండకు పెళుసైన మెత్త స్థానంలో కొత్తది వేశారు, స్ప్రింగులన్నీ లాగి చూశారు, గాలికి లేవకుండా కాళ్ళను నేలకు బిగించారు. ఎక్కే నిచ్చెనను ఆట అయిపోయాక తీసి రామలక్ష్మమ్మ దగ్గర ఉంచాలనుకున్నారు. పెద్దవాళ్ళెవరూ లేనప్పుడు పిల్లలు ఎక్కకుండా ఉంటారని.

మొదట ఎవరూ రాలేదు. వల కట్టిన మంచం పెరట్లో ఊరికే ఉండేది. దసరా సెలవుల్లో ఒకరొకరుగా పిల్లలు రావడం మొదలుపెట్టారు. శ్రుతి వాళ్ళను వంతుల వారీగా పంపేది. ఒకరు వల దాటి వచ్చి, జిప్పు మూసి, నేల మీద కాలు పెట్టాకే ఇంకొకరు. దేవరాజులు కుర్చీ వేసుకుని పక్కన కూర్చునేవాడు. ఎవరైనా పల్టీ కొట్టబోతే వద్దనేవాడు. అంతకు మించి ఏమీ చెప్పేవాడు కాదు.

ఒక సాయంత్రం శ్రుతి చెయ్యి పట్టుకుని నీలిమ వచ్చింది. ఎడమచెయ్యి కొంచెం వంగే ఉంది. వల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది, గుంజను ఊపి చూసింది. నిచ్చెనెక్కి లోపలికి వెళ్ళి జిప్పు సగం వేసి ఆగింది. వల లోపలి నుంచి ఆయన వైపు చూసింది.

"సార్, మీరు కొంచెం దూరంగా కూర్సుంటారా?"

"కూర్సుంటానమ్మా" అన్నాడు దేవరాజులు.

కుర్చీ ఎత్తుకుని వసారా గోడ దాకా వెళ్ళి అక్కడ వేసుకున్నాడు. నీలిమ అక్కడి దాకా ఆయన్ని చూస్తూనే ఉంది. ఆయన కూర్చున్నాక జిప్పు పూర్తిగా వేసుకుని, నడుమకు వెళ్ళి, మోకాళ్ళు వంచి మెల్లగా ఎగరడం మొదలుపెట్టింది. బయట నుంచి శ్రుతి ఏదో అంటే పకపకా నవ్వింది. దేవరాజులు ఉన్నచోటి నుంచి కదలకుండా, వాళ్ళిద్దరూ ఏమనుకుంటున్నారో వినబడకపోయినా, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు.